నష్టములో పాలుగొను పెట్టుబడి

గత మాసమున మేము భూసార పరీక్షల పత్రములు పంచుటకై గద్వాల చేరువనున్న ఒక సహకార సంఘపు కార్యాలయమునకు పోయి యుంటిమి. అరుగుమీద పదిమంది రైతులు కూర్చుండి యుండిరి. నడిగడ్డకే చెందిన ఒక రైతుబిడ్డ, హైదరాబాదులో ఇంజనీరింగు చదివినవాడు, నేలలోని తేమను కొలుచు చిన్న యంత్రమొకటి వారికి చూపుచుండెను. తానును మరి యిద్దరు స్నేహితులును కలిసి కంపెనీ పెట్టితిమనియు, ఒక పెట్టుబడి సంస్థ తమకు కోటి రూపాయలు ఇచ్చినదనియు చెప్పెను.

“ఏమి కుదువ పెట్టినవు బిడ్డా?” అని ఒక పెద్ద రైతు అడిగెను.

“ఏమీ లేదు తాతా.”

“వడ్డి ఎంత?”

“వడ్డి లేదు.”

“మరి మీ కంపెనీ మునిగితే?”

“మునిగితే వాళ్ల పైసలు మునుగుతయి. మమ్ముల అడగరు.”

ఆ పెద్దాయన నవ్వి, “మా తాతలనాటి సంది ఇసుంటి సావుకారిని చూడలే” అని బీడీ వెలిగించుకొనెను. తక్కినవారును నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు చెప్పినది నిజము. అట్టి షావుకార్లు హైదరాబాదులో ఉన్నారు. వారి ధనముతో నడచు కంపెనీలు డ్రోనులతోను, యంత్రములతోను, ఫోను యాపులతోను మన పొలముల గట్లకు వచ్చుచున్నవి. కావున ఆ ధనమెట్టిదో, దాని మర్యాద యెట్టిదో సంఘ సభ్యులు తెలిసికొనుట అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీనిని వెంచర్ క్యాపిటల్ అందురు. మన భాషలో సాహస మూలధనమనవచ్చును. అప్పునకును దీనికిని గల భేదము ఒక్కటే గాని అది మిక్కిలి పెద్దది. అప్పు ఇచ్చినవాడు పంట పండినను ఎండినను తన అసలును వడ్డీని అడుగును. సాహస మూలధనము ఇచ్చినవాడు కంపెనీలో వాటాదారుడగును. కంపెనీ వృద్ధి చెందినచో అతని వాటా విలువ పెరుగును. కంపెనీ మూతబడినచో అతని ధనమును దానితోపాటే పోవును. ఒక్క కంపెనీని నమ్ముకొని యుండక ఇరువది ముప్పది కంపెనీలలో పెట్టుట వారి పద్ధతి. వానిలో అధికభాగము ఎండిపోవుననియు, ఒకటి రెండు మాత్రము విరగకాచి తక్కిన నష్టమునెల్ల పూడ్చుననియు వారు ముందే లెక్క వేసికొందురు. ఆ ధనమైనను వారి సొంతము కాదు. ధనవంతుల యొద్ద, బ్యాంకుల యొద్ద, పింఛను నిధుల యొద్ద పోగుచేసి, సాధారణముగా పది సంవత్సరముల గడువునకు తెచ్చినది. నడిపినందుకు ఏటేట నూటికి రెండు వంతుల ఖర్చును, తుదకు వచ్చిన లాభములో నూటికి ఇరువది వంతులును తాము తీసికొనుట వారిలో పరిపాటి.

ఈ పద్ధతి చాల పాతది కాదు. అమెరికా దేశపు ఈశాన్యభాగమున బోస్టన్ నగరము చుట్టును ఒకప్పుడు బట్టల మిల్లులు దండిగా నుండెడివి. అవి క్రమముగా దక్షిణ రాష్ట్రములకు తరలిపోగా, ఊళ్లకు ఊళ్లు పని లేక దిగులు పడెను. అచ్చటి విశ్వవిద్యాలయములలో కొత్త విద్యలు తెలిసినవారు ఉండిరి; కాని వారియొద్ద తాకట్టు పెట్టుటకు ఆస్తి లేదు; తాకట్టు లేనిదే బ్యాంకులు ఇయ్యవు. ఆ స్థితిలో 1946లో జార్జ్ డోరియో అను ఆచార్యుడును మరికొందరు పెద్దలును కూడి అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థను స్థాపించిరి. వారు పెట్టిన కంపెనీలు కొన్ని చితికిపోయెను. కాని 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంపెనీకి 70,000 డాలర్లు ఇచ్చి నూటికి 70 వంతుల వాటా తీసికొనిరి. పదునైదేండ్లు తిరుగకమునుపే ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లకు పైబడెను. ఆ కంపెనీ కాపురము పెట్టినది మేనార్డ్ అను ఊరిలో పాడుబడిన ఉన్నిబట్టల మిల్లులో. మగ్గములు మూగవోయిన ఇంటిలో కంప్యూటర్లు తయారైనవన్న మాట మగ్గముల ఊరైన గద్వాలవారికి వేరుగా వివరింప నక్కర లేదు.

మన వైపు చూచినచో, భారత ప్రభుత్వము 1988లో ఇట్టి పెట్టుబడులకు మార్గదర్శక సూత్రములను ప్రకటించెను. ఆ కాలముననే దేశములో మొట్టమొదట వెలసిన అట్టి సంస్థలలో ఏపీఐడీసీ వెంచర్ క్యాపిటల్ ఒకటి. అది హైదరాబాదులోనే పుట్టినది. 2014లో రాష్ట్రము విడిపోవునాటికి హైదరాబాదు గతి యేమగునో యని సందేహించినవారు కలరు. అందు సగము శంక, సగము శాపము. మరుసటి సంవత్సరము, అనగా 2015 నవంబరులో, గచ్చిబౌలిలో టీ-హబ్ తెరచిరి. 2022 జూన్‌లో దానికి ఇంకను పెద్ద భవనము వచ్చెను. అచ్చట కంపెనీలకు కూర్చుండుటకు చోటు, సలహా, పెట్టుబడిదారులతో పరిచయము దొరకును. రాజేంద్రనగరులోని జాతీయ వ్యవసాయ పరిశోధనా నిర్వహణ అకాడమీలోను, వ్యవసాయ విశ్వవిద్యాలయములోను సేద్యమునకు సంబంధించిన కంపెనీలను సాకుటకు వేరు వేరు ఏర్పాట్లు గలవు. డ్రోనులు చేయు మారుత్ డ్రోన్స్ అను హైదరాబాదు కంపెనీకి 2024లో లోక్ క్యాపిటల్ అను సంస్థ 62 లక్షల డాలర్ల పెట్టుబడి ఇచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన కేంద్ర ప్రభుత్వము అగ్రిష్యూర్ అను 750 కోట్ల రూపాయల నిధిని ప్రారంభించెను. అందు 250 కోట్లు ప్రభుత్వమువి, 250 కోట్లు నాబార్డువి, తక్కినవి ఇతర సంస్థల యొద్దనుండి తేవలసినవి. ఒక్కొక్క వ్యవసాయ కంపెనీకి 25 కోట్లవరకు పెట్టుబడి పెట్టవచ్చునని నియమము. నాబార్డు పేరు విన్నంతనే మన సభ్యులకు పంట ఋణము స్ఫురించును గాని, ఇది ఋణము కాదు.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఇక మన గడపకు వత్తము.

అయిజ, మల్దకల్, ధరూరు, గట్టు మండలములలో సీడు పత్తి వేయని ఊరు అరుదు. దేశములో నాటబడు పత్తి విత్తనములలో పెద్దభాగము మన జోగులాంబ గద్వాల పొలములలో చేతులతో పుట్టినది. సాయంకాలము ఆడమొక్కల మొగ్గలను గోటితో ఒలిచి పుప్పొడి కేసరములు తీసివేయుట, మరునాటి ఉదయము మగపూవును దాని కీలాగ్రమునకు అంటించుట — రెండు నెలలకు పైగా ఈ పని దినమును తప్పదు. కూలి ఖర్చు విపరీతము. ఆ ఖర్చుకై బడియీడు పిల్లలను చేలకు దింపిన అపకీర్తి యొకటి మన ప్రాంతమును చాల ఏండ్లు అంటియుండెను. ఈ ఖర్చునకు ధనమెవరు ఇచ్చుచున్నారు? కంపెనీ ఆర్గనైజరుకు ఇచ్చును. ఆర్గనైజరు రైతుకు ఇచ్చును. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ మన వైపు వింత మాట కాదు. పంట తీసి విత్తనము అప్పగించిన తరువాత జీవోటీ పరీక్ష చేయుదురు. అనగా ఆ విత్తనమును మరల నాటి, మొక్కలు మొలిచి పెరిగిన పిమ్మట అందు కల్తీ యెంతయో లెక్కించుట. ఆ ఫలితము వచ్చుటకు నెలలు పట్టును. పరీక్షలో తప్పినచో ఆ విత్తనమునకు ధర లేదు. అడ్వాన్సు మాత్రము అప్పుగా నిలిచియుండును. దానిమీద వడ్డీయు నడచుచునే యుండును.

ఒక్క క్షణము ఆలోచింపుడు. ఇచ్చట సాహసము చేసినది ఎవరు? కొత్త రకపు తల్లిదండ్రుల విత్తనము కంపెనీది. దాని గుణము రైతుకు తెలియదు. వాన ఎక్కువైనను, ప్రక్క చేని పుప్పొడిని తేనెటీగ మోసుకొని వచ్చినను, ఇచ్చిన మూల విత్తనములోనే దోషమున్నను, నష్టము వచ్చి చేరునది రైతు ఇంటికి. హైదరాబాదులో కంపెనీ పెట్టిన పిల్లవాడు ఓడిపోయినచో ఇంటికి పోయి మరల ఉద్యోగము చూచుకొనును. అతనికి అప్పు లేదు. మల్దకల్‌లో రెండెకరముల సీడు పత్తి ఓడిపోయినవాడు బంగారము కుదువ పెట్టును, లేదా మేస్త్రీ వెంట ముంబాయికో పూణేకో వలస పోవును. పాలమూరు వలసల కథ మనకొకరు చెప్పవలసినది కాదు. ఈ దేశమున అందరికంటె పెద్ద సాహసి రైతు. అతని సాహసమునకు సాహస మూలధనము లేదు, ఉన్నదంతయు అప్పే. ఇదియే మా ఫిర్యాదు.

ఈ విషయమున ఇతరులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు గనుక మా తప్పును చెప్పుకొందుము. సుమారు పన్నెండేండ్ల క్రిందట పెబ్బేరు వైపు ఒక సన్నకారు రైతును మేము బతిమాలి, అతని యాసంగి వేరుశనగలో ఎకరము నేలలో కొత్త రకమును ప్రదర్శన క్షేత్రముగా వేయించితిమి. విత్తనము ఉచితముగా ఇచ్చితిమి. గట్టున బోర్డు పాతితిమి. ఊడలు దిగువేళకు ఆకుమచ్చ తెగులు విజృంభించెను. ప్రక్కనున్న పాత రకము కొంత తట్టుకొనెను గాని మేము వేయించినది తట్టుకొనలేదు. మేము మా నివేదికలో “ఈ రకము ఈ ప్రాంతమునకు అనుకూలము కాదని తేలినది” అని ఒక్క వాక్యము వ్రాసి పంపితిమి. అది వ్రాయదగిన వాక్యమే. ప్రయోగము వలన తెలియవలసినది తెలిసినది. ఆ తెలివి చుట్టుప్రక్కల నూరుమంది రైతులకు ఉపయోగించినది. కాని దాని వెల చెల్లించినవాడు ఒక్కడే. మరుసటి సంవత్సరము మేము ఆ ఊరికి పోగా అతడు మంచినీళ్లు ఇచ్చి, కూర్చుండబెట్టి, “సారూ, ఈసారి ఎవరి చేన్ల ఏపిస్తరు?” అని అడిగెను. ఆ ప్రశ్న మమ్ము నేటికిని వదలలేదు.

ఇప్పుడు నగరమునుండి వచ్చు కంపెనీలు చేయుచున్నదియు ఇదియే. వారి యంత్రము పనిచేయునో లేదో తేలవలసినది మన చేలలో. కంప్యూటరులో నడచు సరకును నెలకు పదిమార్లు దిద్దుకొనవచ్చును. పైరునకు అట్లు కాదు. వానాకాలమున ఒకమారు, నీరున్నచో యాసంగిలో మరొకమారు. పది సంవత్సరముల గడువుగల పెట్టుబడికి పది వానాకాలములు మాత్రమే కనబడును. అందుచేత వారికి తొందర యెక్కువ. తొందరలో కొందరు తొలి యేడు అతి చౌకగా పనిచేసి, రైతులను అలవాటు చేయుదురు. ఆ చౌక వారి లాభములోనుండి వచ్చినది కాదు, పెట్టుబడిదారుని సంచిలోనుండి వచ్చినది. సంచి ఖాళీయైన నాడు ధర పెరుగును, లేదా దుకాణము మూతపడును. ఉత్తరదేశమున రైతులయొద్ద కూరగాయలు కొని ఢిల్లీ ప్రాంతపు ఇండ్లకు చేర్చుచుండిన ఓటిపీ అను కంపెనీ కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకొని కూడ 2025 మే నెలలో మూతబడెను. దానికే సరకు పోయుచుండిన రైతులు మరొక గుమ్మము వెదకుకొనక తప్పదు గదా. అట్లని అందరును అంతే యనరాదు. సన్నకారు రైతు పొలములో ఇమడగల చిన్న నెట్‌హౌసును తయారుచేసిన ఖేతీ అను సంస్థ మన తెలంగాణములోనే పనిచేసి, 2022లో ఎర్త్‌షాట్ బహుమతిగా పది లక్షల పౌండ్లు గెలుచుకొనెను. మేము కొత్తదనమునకు విరోధులము కాము. మా వృత్తియే కొత్తదనమును గట్టుమీదికి తెచ్చుట.

కొందరు సభ్యులు “ఆ ధనము మన సంఘములకే ఎందుకు రాదు?” అని అడుగుచున్నారు. దానికి చట్టమే సమాధానము. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకై 2002లో కంపెనీల చట్టమున చేర్చిన భాగము ప్రకారము ఉత్పత్తిదారులు కానివారు అందు వాటాదారులు కారాదు. సాధారణముగా వాటా లెన్ని యున్నను ఒక్కొక్క సభ్యునికి ఒక్కటే ఓటు. బయటి పెట్టుబడిదారుడు వాటా లేనిదే రాడు. మనము వాటా ఇయ్యరాదు. ఈ తలుపు తెరువవలెనని కొందరు విద్యావంతులు వాదించుచున్నారు. మాకు అది సమ్మతము కాదు. పదేండ్ల గడువు ముగిసినప్పుడు అతడు తన వాటాను ఎవరికి అమ్మునో మనకేమి తెలియును? ఆ తలుపు అట్లే యుండనిండు.

అయితే మనకు దారియే లేదా యన్నచో, కొంత గలదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకమున, సభ్యుడు వేసిన వాటాధనమునకు సమానముగా మనిషికి 2,000 రూపాయల వరకు, సంఘమునకు 15 లక్షల వరకు ప్రభుత్వము జతచేయును. ఇది అప్పు కాదు. వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఈ పథకమున చేరిన సంఘములు తమ సభ్యుల వాటా పూర్తిగా వసూలైనదా లేదా యని నేడే పుస్తకము తెరచి చూచుకొనవలెను. వేయి రూపాయల వాటా వేయుటకు వెనుకాడి, ఉచితముగా రాదగిన వేయిని పోగొట్టుకొనుట ఏమి పొదుపు?

మన ముల్కనూరు సహకార సంఘమును ఎరుగనివారు తక్కువ. 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డిగారు కొద్దిమంది సభ్యులతో, కొద్దిపాటి వాటా ధనముతో దానిని స్థాపించిరి. నేడు అది విత్తనోత్పత్తి వరకు తానే చేయుచున్నది. అచ్చట విత్తనము పండించు రైతు తానే సంఘమునకు యజమాని. గద్వాలలో సీడు పత్తి పండించు రైతు ఎవరికి యజమాని? ఒక్క దినములో ముల్కనూరు కాలేము. వారికి డెబ్బదియేండ్లు పట్టినది. కాని ఒక చిన్న పని ఈ సంవత్సరమే చేయవచ్చును.

ప్రతి సంఘము తన నికర లాభములో చట్టప్రకారము రిజర్వు నిధికి చేర్చవలసినది చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో కొంత ‘ప్రయోగ నిధి’ అని వేరుగా ఉంచవలెను. కొత్త రకము గాని, కొత్త పనిముట్టు గాని, కొత్త మందు గాని పరీక్షింపవలసి వచ్చినప్పుడు పది గుంటలకు మించకుండ ఒక సభ్యుని పొలములో పరీక్షింపవలెను. అదే చేనిలో ప్రక్కనే మరి పది గుంటలు వాడుక ప్రకారము సాగుచేయవలెను. కోతనాడు రెండింటిని సంఘ సభ్యుల యెదుట తూచవలెను. తక్కువైన దిగుబడికి వెల కట్టి ఆ రైతునకు ప్రయోగ నిధినుండి చెల్లింపవలెను. లెక్క చూడుడు. ఎకరమునకు ఎనిమిది క్వింటాళ్ల వేరుశనగ పండు నేలలో పది గుంటలకు రెండు క్వింటాళ్లు. ప్రయోగము సగము చెడినచో నష్టము ఒక క్వింటాలు. 2025-26 మద్దతు ధర ప్రకారము 7,263 రూపాయలు. పది ప్రయోగములు చేసి పదియు ఇట్లే చెడినను మొత్తము 72,630 రూపాయలు. పదిలో రెండు ఫలించినను ఆ తెలివి మూడు నాలుగు వందల సభ్యుల పొలములలో ఏటేట ఆదాయమై తిరిగివచ్చును. బోస్టన్ పెద్దలు వేసిన లెక్కయు ఇదే గదా.

దీనికి అడ్డు చెప్పువారు ఉందురని ఎరుగుదుము. సంఘపు ధనము జూదమాడుటకు కాదందురు. ఆ మాట సత్యము. డిపాజిటుదారుల ధనమునుండి, పంట ఋణములకై తెచ్చిన ధనమునుండి దీనికి పైసయు తాకరాదు. అది తిరిగి ఇచ్చెదమని మాట ఇచ్చి తెచ్చినది. లాభము మాత్రమే మన సొంతము. మరొక చిక్కు, మాకును భయము గలిగించునది, బంధుప్రీతి. అధ్యక్షుని బావమరది చేనిలోనే పది ప్రయోగములును జరిగి పదియు చెడిపోవచ్చును. అందుచేత పొలమును చీటీలు తీసి ఎన్నుకొనవలెను. తూకము బహిరంగముగా జరుగవలెను. ఒక్కొక్క సభ్యునికి మూడేండ్లలో ఒకమారు మాత్రమే అవకాశ మీయవలెను. ఇంతచేసినను కొంత మోసము జరుగదని మేము హామీ పడలేము.

ఇక బయటి కంపెనీ మన సభ్యుని పొలములో తన సరకును పరీక్షింప వచ్చినచో నష్టపరిహారము కంపెనీయే పెట్టుకొనవలెను. వారి పెట్టుబడిదారుడు నష్టమునకు సిద్ధపడియే ధన మిచ్చినాడు; ఆ సిద్ధపాటులో పది గుంటల భాగము మన రైతుకును రావలెను. ఈ మాట తెలుగులో, కాగితముమీద, విత్తుటకు ముందు ఉండవలెను. పొలములో కొలిచిన లెక్కలు, తీసిన ఫోటోలు రైతునకును ఒక ప్రతి ఇయ్యవలెననియు అందు వ్రాసికొనవలెను. ఆనాడు అరుగుమీద ఆ యువకునితో మేము ఈ సంగతి ప్రస్తావించితిమి. కొంచెము ఆలోచించి, “మా ఇన్వెస్టర్లను అడగాలె సార్” అనెను. పదిరోజులకు ఫోను చేసి, ఐదుగురు రైతులకు మాత్రము ఒప్పుకొన్నారని చెప్పెను. ఆ పెద్దాయన పేరు అందు మొదట వ్రాయించితిమి. బీడీ వెలిగించుకొని నవ్విన ఆయనే ఇప్పుడు తన చేనిలో యంత్రము ఎచ్చట పాతవలెనో కొలుచుచున్నాడు.

వానాకాలమునకు ముందు జరుగు సర్వసభ్య సమావేశమున ప్రయోగ నిధి తీర్మానమును చర్చకు పెట్టదలచిన సంఘములు తమ ఉపవిధులలో దానికి చోటున్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. ఒప్పంద పత్రపు నమూనా యొకటి మేము వ్రాసి యుంచితిమి. కావలసినవారు మా కార్యాలయమునకు వచ్చి, సోమ గురువారములలో ప్రతిని తీసికొనిపోవచ్చును.